ట్వైలైట్ ఇంపీరియం ఒక్క రోజులో అవుతుందా? అవుతుంది, మొదటిసారి మీరు ఆడకపోతే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అమెరికా నుంచి వచ్చిన మీ అన్నయ్య ట్వైలైట్ ఇంపీరియం అనే అంతరిక్ష సామ్రాజ్యాల బోర్డ్ గేమ్, నాలుగో ఎడిషన్ పెట్టె తెచ్చిచ్చారు. మీతో కలిపి ఆరుగురు స్నేహితులు. ఇద్దరు కటాన్ లాంటి తేలిక బోర్డ్ గేమ్ దాకా ఆడారు, మిగతావాళ్లకి రమ్మీ, క్యారమ్స్ తప్ప ఏదీ తెలీదు. హైదరాబాద్‌లో మీ ఫ్లాట్‌లో ఒక శనివారం పొద్దున మొదలుపెట్టి రాత్రికల్లా ముగించాలని మీ ఆశ. "అవుతుందా, లేక సగంలో వదిలేసి అందరూ నన్ను తిట్టుకుంటూ ఇళ్లకి పోతారా?" అని మీ భయం.

అవుతుంది. పొద్దున పదింటికి మొదటి వంతు పడితే ఐదుగురు కొత్తవాళ్లతో రాత్రి ఎనిమిది, ఎనిమిదిన్నరకి ముగుస్తుంది. షరతు ఒక్కటే: ఈసారికి మీరు ఆడకండి. పెట్టె మీది, ఇల్లు మీది, ఆడాలన్న ముచ్చటా మీదే. అయినా సరే. మీరు పక్కన కూర్చుని ఆట నడిపించండి. మా గుంపులో ఈ పని చేసేవాడిని "కరణం" అంటాం. ఊరి లెక్కలన్నీ ఆయన దగ్గరే ఉంటాయి, పొలం మాత్రం దున్నడు. అదే పద్ధతి.

ఇది వినడానికి అన్యాయంగా ఉంటుందని తెలుసు. నేనూ మొదట్లో ఒప్పుకోలేదు. 2018లో పెట్టె చేతికొచ్చింది. కోవిడ్ రెండేళ్లు తీసేస్తే ఏడాదికి మూడు నాలుగు సార్లు మా ఇంట్లోనే ఆడుతున్నాం. ఇరవై ఆటలు దాటాయి. వాటిలో మొదటి రెండు ఆటలు ఎలా చెడిపోయాయో చెబితే నా షరతు ఎందుకో మీకే తెలుస్తుంది.

మొదటి ఆట ఆరుగురం. పదింటికి రమ్మంటే ఆఖరి మనిషి పదకొండున్నరకి వచ్చాడు. రూల్స్ పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి చదివి వినిపించాను. గంటన్నర. అప్పటికే ఒకడు సోఫాలో ఒరిగి ఫోన్ చూసుకుంటున్నాడు. భోజనం ముందు మ్యాప్ పేర్చాం, భోజనం తర్వాత ఓడలు సర్దుకున్నాం. మొదటి వంతు పడేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. రాత్రి తొమ్మిదిన్నరకి చూస్తే మూడో రౌండ్ నడుస్తోంది, అందరికంటే ముందున్నవాడికి నాలుగు పాయింట్లు. గెలవడానికి పది కావాలి. "ఇంతసేపూ ఏం చేశాం రా మనం?" అన్నాడు ఒకడు, నిజంగానే తెలుసుకుందామని. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత లెక్క వేసుకున్నాను. ఆలోచించడానికి పట్టిన టైము నిజానికి తక్కువే. రోజును తినేసింది ఎదురుచూపు. "ఇప్పుడు ఎవరి వంతు?", "ఈ కార్డు ఏం చేస్తుంది?", "ట్రేడ్ గూడ్స్ (ఆటలో డబ్బు లాంటి బిళ్లలు) ఎక్కడున్నాయి, ఇటు అందించు" లాంటి ప్రశ్నలు వంతుకి రెండు మూడు వచ్చేవి. ప్రతి ప్రశ్నకీ నేను నా ఆలోచన పక్కన పెట్టి జవాబు చెప్పి, నా వంతు వచ్చాక మళ్లీ మొదటినుంచి ఆలోచించుకునేవాణ్ని. అంటే అందరికంటే నెమ్మదిగా ఆడింది ఆట తెలిసిన నేనే.

రెండో ఆట సంగతి వేరు. అది పూర్తయింది, గెలిచింది కూడా నేనే. అదే గొడవ.

ఈ ఆటలో ఒక్కొక్కరు ఒక జాతిని నడిపిస్తారు. అప్పుడు నేను సోల్ ఫెడరేషన్, మా బావ లెట్నెవ్. లెట్నెవ్ సొంత సిస్టమ్‌లో, అంటే మ్యాప్‌లో వాళ్ల ఇల్లైన గడిలో, ఆర్క్ ప్రైమ్, రెన్ టెర్రా అని రెండు గ్రహాలు ఉంటాయి. చివరి రౌండ్‌కి బావ తొమ్మిది పాయింట్ల మీద ఉన్నాడు. ఒక పబ్లిక్ ఆబ్జెక్టివ్ (అందరికీ కనిపించే, పాయింట్లిచ్చే లక్ష్యం) చేతికందేంత దూరంలో ఉంది, స్టేటస్ ఫేజ్ (రౌండ్ చివర పాయింట్లు వేసుకునే దశ) వస్తే పది అయిపోతాయి. తన నౌకలన్నీ మ్యాప్ నడిమధ్యన ఉండే మెకటోల్ రెక్స్ గ్రహం చుట్టూ మోహరించాడు. అక్కడి నుంచి ఎవరూ తనని కదపలేరని ధీమా. ఇల్లు ఖాళీ. రెన్ టెర్రా మీద ఒక్క సైనికుడు కూడా లేడు. నేను ఒక క్యారియర్‌లో (సైనికుల్ని మోసే ఓడ) రెండు ఇన్‌ఫాంట్రీ పెట్టుకుని వెళ్లి దిగిపోయాను. బావ నవ్వాడు. "ఆ చిన్న గ్రహం తీసుకుని ఏం చేసుకుంటావురా, ఉంచుకో" అన్నాడు.

స్టేటస్ ఫేజ్‌లో పాయింట్ తీసుకోబోతుంటే అప్పుడు చెప్పాను: సొంత సిస్టమ్‌లోని గ్రహాలన్నీ తన చేతిలో లేనివాడు పబ్లిక్ ఆబ్జెక్టివ్‌కి పాయింట్ తీసుకోకూడదు. తనకి మాత్రమే తెలిసే సీక్రెట్ ఆబ్జెక్టివ్‌లు మూడూ బావ అప్పటికే వాడేసుకున్నాడు. నాకు అప్పటికి ఎనిమిది. ఒక పబ్లిక్, ఒక సీక్రెట్ వేసుకుని పదికి చేరాను.

రూల్ నిజమే, పుస్తకంలో ఉంది. కానీ పొద్దున రూల్స్ చెప్పింది నేనే, ఆ ఒక్కటీ చెప్పడం మర్చిపోయిందీ నేనే. అవసరమైనప్పుడు మాత్రం గుర్తొచ్చింది! బావ పుస్తకం అడిగి తీసుకుని, ఆ లైను రెండుసార్లు చదివి, మూసి ఇచ్చేశాడు. ఏమీ అనలేదు. తర్వాతి పండగ భోజనాల దాకా ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ పండగ నుంచి ఇప్పటిదాకా ఎత్తుతూనే ఉన్నారు.

కాబట్టి నేర్పేవాడు ఆడకూడదు. ఈ ఆట సగం యుద్ధం, సగం బేరం. మీరు కూడా బరిలో ఉంటే, "ఇప్పుడు నువ్వు టెక్నాలజీ కార్డు తీసుకుంటే మంచిది" అని మనస్ఫూర్తిగా చెప్పినా, ఎదుటివాడికి "వీడికేం లాభమో" అనిపిస్తుంది. అనిపించాలి కూడా, ఆట స్వభావమే అది. కరణం మాట మీద మాత్రం ఎవరికీ అనుమానం ఉండదు. పైగా ఐదుగురిని పిలిస్తే ఒకరు ఆ పొద్దునే "సారీ మామా, ఇంటికి చుట్టాలొచ్చారు" అని మెసేజ్ పెట్టడం మన ఊళ్లో ఖాయం. అప్పుడు నలుగురు మిగులుతారు. మంచిదే. నలుగురైనా ఆరుగురైనా మ్యాప్‌లో గడులు 37. మనుషులు తగ్గితే ఒక్కొక్కరికి చోటు ఎక్కువ, తొలి రౌండ్లలో తోపులాట తక్కువ. పైగా నలుగురి ఆటలో ఒక్కొక్కరు రెండు స్ట్రాటజీ కార్డులు (ఆ రౌండ్‌లో ఒక ప్రత్యేకమైన పని చేయనిచ్చేవి) తీసుకుంటారు కాబట్టి ప్రతి రౌండ్‌లోనూ ఎనిమిది కార్డులూ బయటికొస్తాయి, కొత్తవాళ్లకి అన్నీ ఒకసారి కంటబడతాయి.

పెట్టె మీద నాలుగు నుంచి ఎనిమిది గంటలు అని ఉంటుంది. అది తెలిసినవాళ్ల లెక్క. కొత్తవాళ్లతో, కరణం ఉంటే, నా అనుభవంలో మొదటి రౌండ్ గంటంపావు, తర్వాతవి ఒక్కోటి గంటన్నర నుంచి గంటా నలభై ఐదు నిమిషాలు. సాధారణంగా ఐదో రౌండ్‌లో ముగుస్తుంది, ఒక్కోసారి ఆరో రౌండ్‌కి వెళ్తుంది. భోజనం, టీలు కలుపుకుంటే పది గంటల రోజు.

"పది పాయింట్లు ఎందుకు, ఆరుకో ఏడుకో ఆపేద్దాం" అని ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోకండి. మొదలెట్టేటప్పుడు ఒక్క పాయింట్ ఆబ్జెక్టివ్‌లు రెండు తెరిచి ఉంటాయి, రౌండ్‌కొకటి చొప్పున మిగతా మూడూ తెరుచుకుంటాయి. రెండు పాయింట్లవి నాలుగో రౌండ్ చివర గానీ రావు. అంటే ఆట రంగు మారేదే అక్కడ. ఏడు పాయింట్లకి ఆపితే పెళ్లికి వెళ్లి, తాళి కట్టకముందే భోంచేసి వచ్చినట్టు. పాయింట్లు తగ్గించే బదులు గడియారం పెట్టండి: సాయంత్రం ఏడు తర్వాత మొదలయ్యే రౌండే ఆఖరిది, అది ముగిసేసరికి ఎవరికి ఎక్కువుంటే వాళ్లే గెలిచినట్టు. ఇది పొద్దున టిఫిన్ దగ్గరే చెప్పేయాలి. సాయంత్రం ఆరింటికి చెబితే, వెనకబడినవాడికి అది కుట్రలా కనిపిస్తుంది.

ఇక నేర్పడం. పుస్తకం చదివి వినిపించే తప్పు మీరు చేయకండి. నేనిప్పుడు ఇరవై ఐదు నిమిషాల్లో ముగిస్తాను. మొదట చెప్పేది పాయింట్లు ఎలా వస్తాయన్నది మాత్రమే. ప్లాస్టిక్ ఓడలు చూడగానే అందరికీ ఇది యుద్ధాల ఆట అనిపిస్తుంది. రమ్మీ ఆడేవాళ్లకి నేను ఇలా చెబుతాను: "ముక్కలు బాగున్నాయని గెలవవు కదా, షో పెట్టాలి. ఇక్కడా అంతే. ఎన్ని ఓడలున్నా ఎవరూ అడగరు. హోం సిస్టమ్ బయట ఆరు గ్రహాలు నీ చేతిలో ఉన్నాయా, ఎనిమిది రిసోర్సులు ఒకేసారి ఖర్చు పెట్టగలవా, అదే అడుగుతారు." ఒక రౌండ్‌లో మామూలుగా ఒక పబ్లిక్, ఒక సీక్రెట్ ఆబ్జెక్టివ్ మాత్రమే వేసుకోగలరన్నదీ అప్పుడే చెప్పండి. ఒకేసారి దూసుకుపోవడం కుదరదని తెలిస్తే రౌండ్‌కొకటైనా వదలకుండా వేసుకోవాలన్న ధ్యాస వస్తుంది.

రెండోది కమాండ్ టోకెన్లు. కొత్తవాళ్లు బోర్లా పడేది ఇక్కడే. చేతిలో మూడు కుప్పలుంటాయి: కదలడానికి మూడు, నౌకాదళం సైజుకి మూడు, పక్కవాళ్ల స్ట్రాటజీ కార్డులు వాడుకోవడానికి రెండు. కదలాలంటే మొదటి కుప్పలోంచి ఒక టోకెన్ తీసి, వెళ్లాల్సిన సిస్టమ్‌లో పెట్టాలి. ఎక్కడినుంచి బయల్దేరుతున్నామో అక్కడ కాదు. ఆ టోకెన్ పడ్డాక ఆ సిస్టమ్‌కి తాళం పడినట్టే: ఆ రౌండ్‌లో అక్కడున్న మీ ఓడలు ఇక బయటికి రావు. ఇది నోటితో చెబితే ఎవరికీ ఎక్కదు. నేనైతే టేబుల్ మీద ఒక క్యారియర్ తీసుకుని, టోకెన్ పెట్టి, ఓడ జరిపి, "ఇప్పుడు దీన్ని ఇంకో అడుగు జరుపు చూద్దాం" అని వాళ్లనే అడుగుతాను. జరపబోతారు. టోకెన్ మీద వేలు పెడతాను. అంతే, రోజంతా మర్చిపోరు. అక్కడే ఇంకో మాట కూడా కలపండి: నౌకాదళం కుప్పలో ఎన్ని టోకెన్లుంటే ఒక సిస్టమ్‌లో అన్నే ఓడలు, ఫైటర్లనే చిన్న ఓడలు ఆ లెక్కలోకి రావు.

మూడోది, మా బావ రూల్. సొంత ఇంటి గ్రహాలు పోతే పబ్లిక్ ఆబ్జెక్టివ్‌లు లేవు. దీన్ని ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసి గోడకి అంటించండి. మా ఇంట్లో ఇప్పటికీ ఉంది, దాని కింద బావ పెన్నుతో సంతకం కూడా పెట్టాడు.

మిగతావన్నీ అవసరమొచ్చినప్పుడు చెబుదురు గాని. అజెండాలు (అందరూ ఓటేసే తీర్మానాలు), ఓట్ల సంగతి పొద్దున ఎత్తనే అక్కర్లేదు. మెకటోల్ రెక్స్‌ని ఎవరో ఒకరు ఆరు ఇన్‌ఫ్లుయెన్స్ (గ్రహాలిచ్చే పలుకుబడి) కట్టి మొదటిసారి పట్టుకున్నాకే ఆ ఫేజ్ మొదలవుతుంది. అప్పటికి మధ్యాహ్నం అవుతుంది, అప్పుడు చెబితే చాలు.

జాతుల ఎంపిక వాళ్లకి వదలకండి. ఈ ఎడిషన్‌లో 17 జాతులున్నాయి, బొమ్మ చూసి తీసుకుంటారు. అర్బోరెక్ చెట్ల బొమ్మ బాగుంటుంది, కొత్తవాడి చేతిలో పడితే మాత్రం రోజంతా ఏడుపే. సోల్, హకాన్, లెట్నెవ్, ఎక్స్‌చా, సార్డాక్ నోర్ ఇవ్వండి. సార్డాక్ వాళ్లకి ప్రతి పోరాటంలోనూ పాచిక మీద ఒకటి ఎక్కువ, లెక్క తేలిక. గుంపులో బాగా మాటకారి ఎవరో చూసి హకాన్ ఇవ్వండి. మామూలుగా ఇరుగుపొరుగు వాళ్లతోనే బేరం కుదుర్చుకోవాలి, హకాన్ వాళ్లు మాత్రం ఎవరితోనైనా కుదుర్చుకోవచ్చు. ప్రతి జాతికీ ఉండే సరుకుల బిళ్లల సంగతి వాళ్లకి ఇలా చెప్పండి: మన సరుకు మన చేతిలో ఉన్నంతసేపు రాయి, పక్కవాడి చేతిలో పడితే బంగారం. అందుకే నాది నీకు, నీది నాకు. మా గుంపులో సిద్దిపేట మనిషి ఒకాయన ఉన్నాడు, బట్టల కొట్టు నడుపుతాడు. రూల్స్ సగం కూడా వినకుండా హకాన్ పట్టుకుని, సాయంత్రానికి అందరినీ తనకి బాకీ పెట్టుకున్నాడు.

కరణం రోజంతా చేసే పని ఇదీ. బ్యాంకు తన దగ్గర పెట్టుకోవాలి, కార్డులు తనే పంచాలి. స్ట్రాటజీ కార్డుల మీద 1 నుంచి 8 దాకా నంబర్లుంటాయి, వంతులు ఆ వరసలోనే నడుస్తాయి. రౌండ్ మొదలవగానే పేర్లు ఆ వరసలో చీటీ మీద రాసి టేబుల్ మధ్యలో పెట్టి, "ఇప్పుడు రాజు, తర్వాత సుజాత, ఆ తర్వాత నువ్వు" అని ముగ్గురి పేర్లూ పైకి చెప్పాలి. తన వంతు రెండడుగుల దూరంలో ఉందని తెలిస్తే మనిషి ఫోన్ పక్కన పెడతాడు. చెస్ గడియారం పెట్టి చూశాం, ఇసుక గడియారం పెట్టి చూశాం. రెండూ మనుషుల్ని కంగారు పెట్టాయే తప్ప ఆటని వేగం చేయలేదు. ఈ చీటీ చేసింది. ఎవరైనా స్ట్రాటజీ కార్డు వాడినప్పుడు, మిగతావాళ్లు కూడా ఒక టోకెన్ కట్టి అందులో చిన్న వాటా తీసుకోవచ్చని గుర్తు చేయడం కూడా కరణం పనే. లీడర్‌షిప్ కార్డుకి మాత్రం టోకెన్ బదులు ఇన్‌ఫ్లుయెన్స్ కట్టాలి.

మాట తప్పడం గురించి ముందే మాట్లాడుకోండి. ఇది నిజంగా ముఖ్యం. రూల్ ప్రకారం, అప్పటికప్పుడు చేతులు మారేదానికి కట్టుబడాలి: "రెండు ట్రేడ్ గూడ్స్ ఇస్తా, ఇప్పుడే ఆ కార్డు ఇవ్వు" అంటే ఇచ్చి తీరాలి. "వచ్చే రౌండ్‌లో నీ జోలికి రాను" అన్నది వట్టి మాట. తప్పొచ్చు. కొందరికి ఇది సరదా, కొందరికి మనసులో గుచ్చుకుంటుంది. కుటుంబంలో వాళ్లు ఆడుతుంటే ఇంకా ఎక్కువ. బావమరిది మాట తప్పితే అది గ్రహాంతర రాజకీయం అని ఎంత చెప్పినా, చూసే అక్కకి అలా కనిపించదు. నేను మొదలెట్టే ముందు ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి అడుగుతాను: "ఇవాళ ఎవరైనా నిన్ను మోసం చేస్తే రేపు ఫోన్ ఎత్తుతావా?" నవ్వుతూ అడిగినా జవాబు జాగ్రత్తగా వింటాను. ఒకసారి ఒకమ్మాయి నిక్కచ్చిగా "ఎత్తను" అంది. ఆరోజు ఇంకో ఆట ఆడాం.

ఈ కారణంతోనే, ఏడుగురు దొరికారు కదా అని డిప్లొమసీతో మొదలుపెట్టకండి. 1959లో అచ్చయిన పాత ఆట, గొప్ప ఆట. పాచిక లేదు, అదృష్టం లేదు, మొదటి ప్రపంచయుద్ధానికి ముందరి యూరప్ మ్యాప్ మీద ఏడు దేశాలు, 34 కేంద్రాల్లో 18 పట్టినవాడిదే గెలుపు. కానీ అందులో నమ్మి మోసపోయినవాడు మధ్యాహ్నానికే ఆట నుంచి వెళ్లిపోతాడు. తర్వాత ఆరు గంటలు వాడు మీ సోఫాలో కూర్చుని ఏం చేస్తాడు? ట్వైలైట్ ఇంపీరియంలో అలా పూర్తిగా తుడిచిపెట్టుకుపోవడం అరుదు, పోయినదాంట్లో కొంతైనా ఓటుతోనో బేరంతోనో రాబట్టుకోవచ్చు. వెనకబడ్డవాడికి కరణం చేయగలిగిన సాయం ఒకటుంది. మూడో రౌండ్ తర్వాత వాడి పక్కకి వెళ్లి, "నువ్వు గెలవకపోవచ్చు, కానీ ఎవరు గెలవాలో నువ్వే తేలుస్తావు, నీ ఓటు రేటు పెంచు" అని అందరికీ వినిపించేలా చెప్పండి. ఆ మాటతో నిటారుగా కూర్చున్నవాళ్లని చూశాను.

ఇల్లు, టేబుల్. నలుగురు కూర్చునే డైనింగ్ టేబుల్ సరిపోదు. మ్యాప్‌కే మూడడుగులు పైన కావాలి, ఒక్కొక్కరి ముందు షీటు, కార్డులు, ఓడలు. నేను ఆరడుగులు బై నాలుగడుగుల ప్లైవుడ్ షీటు ఒకటి కోయించి, దివాన్ మంచం మీద వేసి పైన దుప్పటి పరుస్తాను. దుప్పటి వల్ల కార్డులు తీయడం సులువు, పాచికల చప్పుడు కూడా తగ్గుతుంది. కింద కూర్చుని ఆడదామని ఎవరైనా అంటే వద్దనండి. ముప్పై దాటిన మోకాళ్లు మూడో రౌండ్ దాకా ఆగవు.

ఫ్యాన్! ఏ వీడియోలోనూ ఎవరూ చెప్పరు, వాళ్ల ఇళ్లలో సీలింగ్ ఫ్యాన్లు తిరగవు కాబట్టి. ఏప్రిల్ నెలలో ఒక ఆట, ఫ్యాన్ మూడు మీద ఉంది, కిందున్న కార్డులన్నిటి మీద తలా ఒక ఓడ బరువు పెట్టుకుని ఆడుతున్నాం. కరెంటు పోయింది. ఉక్కపోతకి తట్టుకోలేక ఎవరో ఫ్యాన్ స్విచ్ ఐదుకి తిప్పి వదిలేశారు. పావుగంటకి కరెంటు రాగానే ట్రేడ్ గూడ్స్ బిళ్లలు, యాక్షన్ కార్డుల కట్ట గాల్లోకి లేచాయి. ఎవరి చేతిలో ఏ సీక్రెట్ ఉందో అందరూ చూసేశారు. అందుకే నా మాట: టేబుల్ ఫ్యాన్ గోడ వైపు తిప్పి పెట్టుకోండి, లేదా ఏసీ గదిలోకి మార్చుకోండి. కార్డులు నిలబెట్టుకోవడానికి ఫోటో స్టాండ్లు పనికొస్తాయి.

తిండి. పొద్దున తొమ్మిదికి ఇడ్లీ అని పిలవండి, ఆటకని కాదు. ఆటకి ఆలస్యంగా వస్తారు, వేడి ఇడ్లీకి టైముకి వస్తారు. ఆట పదింటికి. మధ్యాహ్నం బిర్యానీ తెప్పిస్తే ఆటగది గుమ్మం దాటి లోపలికి రానివ్వకండి. ఎక్స్‌చా షీటు మీద మా దగ్గర ఇప్పటికీ ఒక నూనె వేలిముద్ర ఉంది, తాబేలు మూతి మీద సరిగ్గా. భోజనం ఎప్పుడు పెట్టాలన్నదానికి ఒక చిట్కా: రౌండ్ ముగిసి, అజెండా కార్డు చదివాక, ఓటు వేయకముందు లేపండి. చేతులు మాత్రమే తింటాయి, నోళ్లు రాజకీయం మాట్లాడుకుంటాయి. వంటింటి దగ్గర ఇద్దరు, బాల్కనీలో ఇద్దరు గుసగుసలు. చేతులు కడుక్కొచ్చి ఓట్లు వేస్తారు. అరగంట మిగులుతుంది, ఆ రోజులో బాగా గుర్తుండేది కూడా ఆ గుసగుసలే. సాయంత్రానికి పల్లీలు, అటుకుల చుడువా, స్పూన్లతో. చెగోడీలు నాకిష్టమే, కానీ కార్డులకి పడవు. బీరు ఎవరైనా తెస్తే నాలుగో రౌండ్ దాకా ఫ్రిజ్‌లోనే ఉంచండి.

రోజు ఏది అంటే శనివారమే సరి. ఆదివారం పెట్టుకుంటే సాయంత్రం ఐదు నుంచే రేపటి ఆఫీసు ముఖాల మీదికి వచ్చేస్తుంది. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి, పక్క ఫ్లాట్ వాళ్లకి కూడా. తలుపు మూసి పొద్దున్నుంచి రాత్రి దాకా మగాళ్లు, ఆడవాళ్లు గుంపుగా కూర్చుని "కార్డు తియ్యి, వెయ్యి, ఎంతకిస్తావ్" అని అరుస్తుంటే బయటికి ఏమని వినిపిస్తుందో ఊహించుకోండి. మా వాచ్‌మన్ ఒకసారి అసోసియేషన్ సెక్రటరీని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన లోపలికొచ్చి, టేబుల్ అంతా చూసి, డబ్బులెక్కడా కనపడక, "మరి ఎందుకండీ ఇంతసేపు?" అన్నాడు. కాసేపు కూర్చోమన్నాం. పోరాటం ఒకటి చూశాడు. పది ముఖాల పాచికని వేళ్ల మధ్య తిప్పి చూస్తూ, వాళ్ల ఊళ్లో గుడి అరుగు మీద చెక్కి ఉన్న పులిజూదం గీతల గురించి చెప్పాడు. మూడు పులులు, పదిహేను మేకలు. మేకలు కలిసి కదిలితే పులి కదల్లేదట. మెకటోల్ రెక్స్ మీద కూర్చున్న మావాడి వైపు చూసి మిగతా నలుగురూ వెంటనే ఏకమయ్యారు. ఆ ఆట ఎవరు గెలిచారో మర్చిపోయాను గానీ, మెకటోల్ మీదవాడు మాత్రం గెలవలేదు.

ఒకవేళ ఇంత రోజు దొరకదు, ఐదారు గంటలే ఉన్నాయంటే, ఈ పెట్టె తెరవకండి. ఎక్లిప్స్ అని ఇంకో అంతరిక్షం ఆట ఉంది, దాన్ని అద్దెకో అరువుకో తెచ్చుకోండి. దాని రెండో ఎడిషన్‌లో రౌండ్లు ఎనిమిదే అని ముందే తెలుస్తుంది కాబట్టి టైము చేయి దాటదు. బేరసారాల రుచి తక్కువ, అంతే తేడా.

చివరి రౌండ్‌లో ఒక చిన్న విషయం, కరణంగా మీరు గమనించాల్సింది. స్టేటస్ ఫేజ్‌లో పాయింట్లు అందరూ ఒకేసారి వేసుకోరు, స్ట్రాటజీ కార్డు నంబరు వరసలో వేసుకుంటారు. ఇద్దరు తొమ్మిది మీదుంటే, ఒకటో నంబరు లీడర్‌షిప్ చేతిలో ఉన్నవాడు ముందు పదికి చేరి గెలిచేస్తాడు. ఇంపీరియల్ కార్డు పట్టుకున్నవాడు స్టేటస్ ఫేజ్ దాకా ఆగకుండా ఆ కార్డు వాడినప్పుడే ఒక పబ్లిక్ ఆబ్జెక్టివ్ వేసుకోవచ్చు. ఈ రెండూ నాలుగో రౌండ్ చివర్లో అందరికీ ఒకేసారి, గట్టిగా చెప్పండి. ఒక్కరికి చెవిలో చెబితే మీ కరణం ఉద్యోగం అక్కడితో సరి.

సర్దేటప్పుడు ఎవరి రంగు వాళ్లే సర్దాలి. రంగుకొక జిప్ కవరు, కిరాణా కొట్లో దొరికేవి చాలు. పెట్టెలో ప్లాస్టిక్ ఓడలు, సైనికులు కలిపి మూడు వందలు దాటతాయి. ఒకరే సర్దితే ఇంకో గంట. లెక్క చూసుకుని జిప్ వేయమనండి. మాది పసుపు రంగు ఫైటర్ ఒకటి తక్కువైంది, దసరాకి ఇల్లు దులిపినప్పుడు సోఫా కింద దొరకలేదు, వాషింగ్ మెషిన్ ఫిల్టర్‌లో దొరికింది. ఎవరి జేబులో వెళ్లిందో ఇంకా తేలలేదు, బావ మీదే అందరి అనుమానం.